స్వాభిమాన యాత్ర

పాఠ్యభాగ ఉద్దేశం: ప్రజల రక్షణ అనగానే పోలీసు ఠాణా, న్యాయస్థానం, చట్టం గుర్తుకు వస్తాయి. ఇరుగుపొరుగువారు వీధిలోకి వచ్చి ఒకరినొకరు కాచుకొనే పద్ధతి కూడా ఒకటి ఉన్నది. స్వలింగ ప్రేమికులు, హిజ్రాలు, ఇతర ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఆ పద్ధతిని ఎట్లా రూపొందించుకొన్నారో, హైదరాబాదు నగరంలో అది ఏ దారిన నడిచిందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

అమెరికా పడమటి తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో కాస్ట్రో అనే పేట ఉన్నది. 1970వ దశకంలో స్వలింగ ప్రేమికులు అధిక సంఖ్యలో అక్కడ ఇండ్లు అద్దెకు తీసుకొని, దుకాణాలు పెట్టుకొని స్థిరపడ్డారు. సొంత ఊళ్లలో దాగి బ్రతికినవారికి ఆ పేట పుట్టినిల్లు వంటిదయింది. అయితే అందరూ ఒకచోట కనబడడం వల్ల, వారిని వెదకి కొట్టదలచిన వారికి కూడా పని సులువయింది. రాత్రివేళ కొందరు దుండగులు కార్లలో వచ్చి, ఒంటరిగా నడిచిపోయేవారిని కొట్టి పారిపోయేవారు. పోలీసులకు ఫిర్యాదు చేయడానికి బాధితులు వెనుకాడేవారు. వారు కలుసుకొనే మద్యశాలలపై దాడులు జరిపి, వారిని బండ్లలో ఎక్కించుకొనిపోయిన చరిత్ర ఆ పోలీసులకే ఉన్నది మరి!

ఈ స్థితిలో పేటవాసులు కనిపెట్టిన ఉపాయం చాలా చిన్నది. ప్రతివారూ జేబులో ఒక ఈల ఉంచుకోవాలి. తనపై దాడి జరిగినా, మరొకరిపై జరగడం చూచినా దానిని ఊదాలి. ఆ ధ్వని విన్నవారు తమ ఈలలు ఊదుతూ అటు పరుగెత్తాలి. ఇంతే నియమం. కొందరు స్వచ్ఛంద సేవకులు జట్లుగా ఏర్పడి రాత్రిపూట వీధులలో తిరుగుతూ, అనుమానాస్పదమైన కార్ల సంఖ్యలను కాగితంపై వ్రాసుకొనేవారు. వారి చేతిలో ఆయుధాలు లేవు. చీకటిలో ఒంటరిగా దొరికిన మనిషిని కొట్టగలవాడు, నాలుగు వైపుల నుంచి ఈలలు వినవస్తే నిలువలేడు. కాపలా కాయడానికి మొదట కావలసింది బలం కాదు, సాక్షులు అని ఆ పేటవారు గ్రహించారు.

అయినా ప్రమాదం తప్పలేదు. 1977 జూన్ నెలలో రాబర్ట్ హిల్స్‌బరో అనే నగర ఉద్యానవన ఉద్యోగిని కొందరు యువకులు అతని ఇంటి సమీపంలోనే కత్తితో పొడిచి చంపారు. అప్పటికి ఏటా జరిగే స్వలింగ ప్రేమికుల ఊరేగింపునకు కొద్ది రోజులే ఉన్నవి. నగర మేయర్ జార్జి మాస్కోనే పతాకాలను అవనతం చేయించాడు. ఊరేగింపు నగర సభా భవనాన్ని చేరినప్పుడు జనం మెట్లపై పూలు ఉంచి సాగిపోయారు. ఉత్సవంగా మొదలైనది సంతాప సభగా మారింది. మరుసటి ఏడు 1978 జూన్‌లో గిల్బర్ట్ బేకర్ అనే కళాకారుడు, కొందరు స్వచ్ఛంద సేవకులు కలిసి చేతితో రంగులద్దిన ఇంద్రధనుస్సు పతాకం ఆ నగరంలోనే మొదటిసారి ఎగిరింది. ఆనాడు అందులో ఎనిమిది రంగులు ఉండేవి. నేడు లోకమంతటా కనబడేది ఆరు రంగుల పతాకం.

తాను స్వలింగ ప్రేమికుడనని దాచకుండా ప్రకటించి, ఆ నగర పాలకమండలికి ఎన్నికైన హార్వీ మిల్క్ ప్రతివారూ ముందు తమ ఇంటివారికి, స్నేహితులకు, తోటి ఉద్యోగులకు తమ సంగతి చెప్పాలని కోరేవాడు. తెలియని వ్యక్తిని ద్వేషించడం సులభం, ఎరిగిన మనిషిని ద్వేషించడం కష్టం అన్నది ఆయన తర్కం. 1978 నవంబరు 27న ఆయనను, మేయర్ మాస్కోనేను పాలకమండలి మాజీ సభ్యుడొకడు నగర సభా భవనంలోనే కాల్చి చంపాడు. ఆ రాత్రి వేలాది ప్రజలు కొవ్వొత్తులు చేతబట్టి, కాస్ట్రో నుంచి ఆ భవనం వరకు మౌనంగా నడిచారు.

ఇట్టి ఊరేగింపులకు మూలం న్యూయార్కు నగరంలో ఉన్నది. 1969 జూన్ 28 తెల్లవారుజామున స్టోన్‌వాల్ అనే మద్యశాలపై పోలీసులు దాడి చేయగా, అక్కడివారు ఎప్పటివలె తలవంచుకొని పోక ఎదురుతిరిగారు. సరిగా ఏడాదికి అదే తేదీన అక్కడి వీధులలో మొదటి యాత్ర జరిగింది. ఆ మాటకు వస్తే 'ప్రైడ్' అనే ఆంగ్ల పదాన్ని గర్వమని తెలుగు చేయడం కంటే స్వాభిమానమని చెప్పడమే సముచితం. తాను ఇతరుల కంటే ఎక్కువ అనుకోవడం గర్వం. తాను ఎవరికంటే తక్కువ కాననుకోవడం స్వాభిమానం.

భారతదేశంలో మొదటి యాత్ర 1999 జూలై 2న కలకత్తాలో జరిగింది. దానికి పెట్టుకొన్న పేరు 'స్నేహయాత్ర'. నడిచినవారు సుమారు పదిహేను మంది. ఆనాటికి 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను అమలులో ఉన్నది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా పరిగణించిన సెక్షను అది. పదిహేను మంది ఒక మహానగర వీధిలో పోతూంటే ఎవరూ గమనించకనే పోవచ్చు. కాని పేరు, ముఖం బయటపెట్టుకొని నడిచిన ఆ పదిహేను మందికి ఉద్యోగం, ఇల్లు, కన్నవారి ప్రేమ అన్నీ పణంగా ఉన్నవి.

హైదరాబాదు కథ ఇంతకంటే పాతది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతంలో, నపుంసకుల చట్టం ఒకటి వెలువడింది. బాలురను ఎత్తుకొనిపోతారని అనుమానించబడిన హిజ్రాల పేర్లు, వారి ఆస్తుల వివరాలు ఒక రిజిస్టరులో నమోదు చేయాలని ఆ చట్టం శాసించింది. నమోదైన వ్యక్తి స్త్రీ వేషంలోగాని, నగలు ధరించిగాని వీధిలో కనబడితే వారంటు లేకుండా నిర్బంధించవచ్చు. రెండేండ్ల వరకు కారాగార శిక్ష విధించవచ్చు. వీధిలో నిలబడడమే కాదు, వీధి నుంచి కనబడాలనే ఉద్దేశంతో మరొకచోట నిలబడినా నేరమే. వీధిలో ఆడినా, వాద్యం వాయించినా నేరమే. దొంగతనానికి, హత్యకు శిక్ష విధించే చట్టాలు ఏ రాజ్యంలోనైనా ఉంటాయి. ఒక మనిషి కంటికి కనబడడాన్ని నేరంగా వ్రాసిన చట్టాలు అరుదు. ప్రజల రక్షణ పేరిట వచ్చిన ఆ శాసనంలో 'ప్రజలు' అనే మాటలో హిజ్రాలకు చోటు లేదు. వారు రక్షింపదగినవారి జాబితాలో కాక, ఎవరి నుంచి రక్షించాలో వారి జాబితాలో చేరారు.

అదే నగరంలో ఆషాఢ మాసపు బోనాలలో శివసత్తులుగా పసుపు పూసుకొని, డప్పుల దరువుకు ఆడే ట్రాన్స్‌జెండర్ స్త్రీలకు జనం చేతులెత్తి మొక్కుతారు. విరాటుని కొలువులో నాట్యం నేర్పిన బృహన్నల కథ వినని తెలుగువారు అరుదు. పండుగనాడు పూజించి, మరునాడు బాడుగకు ఇల్లు నిరాకరించే ఈ వైఖరిని అర్థం చేసుకోవడం సులభం కాదు.

2013 ఫిబ్రవరిలో హైదరాబాదులో మొదటి ప్రైడ్ యాత్ర జరిగింది. 2009 జూలై 2న ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వల్ల ఆనాటికి వయోజనుల పరస్పర సమ్మతి నేరం కాదు. ఇట్టి యాత్రలకు సన్నాహం పెద్దది. ముందుగా పోలీసుల అనుమతి పొందాలి. దారి పొడుగునా స్వచ్ఛంద సేవకులు నిలబడాలి. ఛాయాచిత్రం తీసే ముందు అనుమతి అడగాలని పత్రికలవారికి విన్నవించాలి. ముఖం చూపలేనివారు ముసుగు ధరించి నడుస్తారు. కనబడడం కోసం చేసే యాత్రలో ముసుగు ఏమిటని కొందరు పరిహసించవచ్చు. కాని కాలేజీలోనో ఇంటిలోనో తెలిసిపోతే చదువు ఆగిపోయే విద్యార్థి ముసుగుతోనైనా వచ్చి నడవడం చిన్న సాహసం కాదు. ఆ భయం వట్టిది కాదని అదే సంవత్సరం తేలిపోయింది. డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పును కొట్టివేయగా, 377వ సెక్షను మళ్లీ జీవం పోసుకొన్నది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ భాగాన్ని శాశ్వతంగా రద్దు చేసింది. ఇంతకాలం జరిగిన అవమానానికి చరిత్ర వీరికి క్షమాపణ చెప్పవలసి ఉన్నదని న్యాయమూర్తి ఇందూ మల్హోత్రా తన తీర్పులో పేర్కొన్నారు.

ఆ తీర్పునకు కొన్ని నెలల ముందు, 2018 మే నెలలో, హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఘోరం జరిగింది. పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నాయని సెల్‌ఫోన్లలో వదంతులు వ్యాపించిన రోజులవి. భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీని ఆ అనుమానంతోనే గుంపు కొట్టి చంపింది. 1919 నాటి చట్టంలో వ్రాసిన నింద, 2018 నాటి వదంతిలోని నింద ఒక్కటే. చట్టం పుస్తకంలో నిద్రపోతున్నా, దాని మాట మాత్రం జనం నోట మెలకువగానే ఉన్నది. కాస్ట్రోలో ఈల విని పరుగెత్తినది కూడా గుంపే. ఇక్కడ చంపినదీ గుంపే. ఆపదలో ఉన్నది తమ మనిషి అని మొదటి గుంపు అనుకొన్నది. రెండవ గుంపు అట్లా అనుకోలేదు.

ఆ చట్టాన్ని సవాలు చేస్తూ వైజయంతి వసంత మొగ్లి 2018లో ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. శతాబ్దానికి పైగా బ్రతికిన ఒక శాసనం ఆ రోజుతో ముగిసింది. అర్హులైన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా న్యాయస్థానం ఆదేశించింది.

ఈలోగా పోలీసు వ్యవస్థలో కూడా కొంత కదలిక వచ్చింది. 2021 మార్చిలో సైబరాబాదు పోలీసులు గచ్చిబౌలిలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ప్రత్యేక సహాయ కేంద్రాన్ని ప్రారంభించారు. అక్కడ పోలీసు అధికారితోపాటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఒకరు సమన్వయకర్తగా కూర్చొని ఫిర్యాదులు వినే ఏర్పాటు చేశారు. ఠాణా గడప తొక్కడానికే జంకేవారికి, లోపల తమవంటి మనిషి ఒకరు ఉండడం ఎంతో ధైర్యం. 2024 డిసెంబరులో గోషామహల్ మైదానంలో శారీరక పరీక్షలు జరిపి, శిక్షణ ఇచ్చి, 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను హైదరాబాదులో ట్రాఫిక్ సహాయకులుగా నియమించారు. కూడళ్లలో చేయి చాపి బిచ్చమడుగుతారని జనం చెప్పుకొనేవారు, అవే కూడళ్లలో చేయి చాపి వాహనాలను ఆపసాగారు. అంత పెద్ద నగరానికి 39 స్వల్ప సంఖ్యయే అయినా, రోజూ వేలాది వాహన చోదకులు ఆ చేతిని చూచి ఆగవలసి వచ్చింది.

యాత్రలలో పట్టుకొనే అట్టలపై వ్రాయవలసిన కోరికలు ఇంకా మిగిలి ఉన్నవి. విద్య, ఉద్యోగాలలో రిజర్వేషన్లు వాటిలో ముఖ్యమైనవి. స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడానికి 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు నిరాకరించింది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ప్రకారం, వారిపై లైంగిక దౌర్జన్యం చేసినవారికి గరిష్ఠ శిక్ష రెండేండ్లు. స్త్రీలపై అత్యాచారానికి కనీస శిక్షయే పదేండ్లు. ఒకే వీధిలో, ఒకే రాత్రి జరిగిన ఒకేవిధమైన నేరానికి ఇంత తేడా ఎందుకని ఆ యాత్రికులు అడుగుతున్నారు.