చెత్తను ఏరండి, లెక్కపెట్టండి!

గాంధీ జయంతినాడు చాలా ఊళ్ళల్లో విద్యార్థులు చీపుర్లు, తట్టలు పట్టుకుని పార్కులకు వెళతారు. పొద్దుటినుంచి చెమటోడ్చి పనిచేస్తారు. మధ్యాహ్నానికి పార్కు అద్దంలా తయారవుతుంది. మరి దీపావళి నాటికి అదే పార్కును చూశారా? బెంచీల కింద మళ్ళీ చిప్స్ పొట్లాలు, చెట్ల మొదళ్ళలో మళ్ళీ టీ కప్పులు! మరి మనం పడ్డ కష్టమంతా ఏమైనట్టు?

ఒక నీళ్ళ తొట్టిని ఊహించుకోండి. దాని మీద కుళాయి తిప్పి ఉంది. మనం చెంబుతో నీళ్ళు తోడి పారబోస్తున్నాం. కాసేపటికి తొట్టి ఖాళీ అవుతుంది. కాని కుళాయి కట్టకుండా ఇంటికి వెళ్ళిపోతే, మర్నాటికి తొట్టి మళ్ళీ నిండుతుంది గదా! పార్కులో చెత్త కూడా అంతే. తొట్టిలో ఉన్న నీళ్ళను 'నిల్వ' అనుకుందాం. కుళాయి నుంచి పడే నీటిని 'చేరిక' అనుకుందాం. చీపురు నిల్వను మాత్రమే తీసివేస్తుంది. చేరికను తగ్గించాలంటే చీపురుతోబాటు పెన్సిలు, కాగితం కూడా కావాలి. అదెలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

లెక్క వల్ల ఏం జరిగింది?

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1986లో సముద్రతీరాన్ని శుభ్రం చేసే కార్యక్రమం ఒకటి జరిగింది. లిండా మారనిస్, కేథీ ఒహారా అనే ఇద్దరు మహిళలు దానికి పూనుకున్నారు. సుమారు 2,800 మంది వచ్చి 124 టన్నుల చెత్త ఏరారు. ఇందులో విశేషమేమంటే, ఏరినదాన్ని ఊరికే పారేయలేదు. ఏ వస్తువు ఎన్ని దొరికిందో కార్డుల మీద రాశారు. చెత్త రకం తెలిస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో ఊహించవచ్చు. ఓడల నుంచి ప్లాస్టిక్‌ను సముద్రంలో పారేయడాన్ని నిషేధించే అంతర్జాతీయ నియమాలు 1988 డిసెంబరు 31న అమల్లోకి వచ్చాయి. ఆ నియమాలు కావాలన్నవారి వాదనకు ఇలాంటి లెక్కలు బలం చేకూర్చాయి. ఇప్పటికీ ఏటా అనేక దేశాల తీరాల్లో ఇలా ఏరడం, లెక్కపెట్టడం జరుగుతూనే ఉంది.

తీరానికి పనికివచ్చిన పద్ధతి మీ పేటలోని పార్కుకు పనికిరాదా? తప్పకుండా పనికివస్తుంది.

ముందు వారం చేయవలసినవి

మొదట మీ ప్రధానోపాధ్యాయుల ద్వారా మునిసిపాలిటీకి గాని, పార్కును చూసే కాలనీ సంఘానికి గాని ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. ఏరిన చెత్తను తీసుకుపోవడానికి బండి ఏ రోజు, ఏ వేళకు వస్తుందో అప్పుడే అడిగి తెలుసుకోండి. ఇది చాలా ముఖ్యం. బండి రాకపోతే గేటు దగ్గర పేర్చిన సంచుల్ని రాత్రికి కుక్కలు చింపేస్తాయి. పశువులు ఆహారంతోపాటు ప్లాస్టిక్ సంచుల్నీ మింగేస్తాయి. అవి పొట్టలో ఉండలు కట్టి పశువు ప్రాణం మీదికి తెస్తాయి.

తర్వాత పార్కు పటం గీయండి. టేపు లేకపోయినా ఫర్వాలేదు. పాఠశాల ఆవరణలో 10 మీటర్లు కొలిచి, ఆ దూరం మీకు ఎన్ని అంగలో చూసుకోండి. ఇక పార్కును అంగలతోనే కొలవవచ్చు. పటం మీద 10 మీటర్ల భుజం గల గడులు గీయండి. అడ్డు వరసలకు అ, ఆ, ఇ అనీ, నిలువు వరసలకు 1, 2, 3 అనీ పేర్లు పెట్టండి. బెంచీలు, గేట్లు, కుళాయి, చెత్తబుట్టలు, బయట నిలిచే మిర్చిబజ్జీల బండి ఇవన్నీ పటంలో గుర్తించండి.

ముప్పైమంది ఉంటే ఆరుగురు చొప్పున అయిదు జట్లు చేయవచ్చు. ప్రతి జట్టులో నలుగురు ఏరుతారు, ఒకరు సంచులు పడతారు, ఒకరు లెక్క రాస్తారు. ప్రతి జట్టుతో ఒక పెద్దవారు ఉండాలి.

జాగ్రత్తలు

ఎండ ముదరకముందే, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు పనిచేస్తే చాలు. కాళ్ళకు బూట్లు, చేతులకు మందపాటి తొడుగులు తప్పనిసరి. రాళ్ళ కిందా, ఆకుల గుట్టల్లోనూ తేళ్ళు, జెర్రులు, పాములు ఉండవచ్చు. అక్కడ చెయ్యి పెట్టకండి. పొడవాటి కర్రతో కదిపి చూడండి. గాజుపెంకుల్ని పట్టకారుతో తీసి, సంచిలో కాకుండా రేకు డబ్బాలో వేయండి. సిరంజీలు, సూదులు, మందుసీసాలు కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దలకు చూపించండి. ధనుర్వాతం రాకుండా మన దేశంలో పిల్లలకు 10వ ఏట, 16వ ఏట టీకా వేస్తారు. మీరు వేయించుకున్నారో లేదో ఇంట్లో అడగండి. పని అయ్యాక సబ్బుతో చేతులు బాగా కడుక్కోవాలని వేరే చెప్పాలా?

వయ్యారిభామ మొక్క గురించి కూడా ఒక మాట. పుణె దగ్గర 1955లో గుర్తించిన ఈ పరదేశపు కలుపు మొక్క ఈనాడు ప్రతి ఖాళీ స్థలంలోనూ కనిపిస్తోంది. దీని వల్ల కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఉబ్బసం వస్తాయి. దీన్ని పీకే పని మీరు పెట్టుకోకండి, పెద్దలకు వదలండి.

ఏది చెత్త, ఏది కాదు?

రాలిన వేపాకు, కానుగాకు చెత్తేనా? నడిచే దారి మీద పడితే తుడవవలసిందే. కాని చెట్టు మొదట్లో రాలిన ఆకు చెత్త కాదు, అది చెట్టుకు ఆహారం. నేలలోని బూజులు, బాక్టీరియా, వానపాములు దాన్ని కుళ్ళబెట్టి, దానిలోని పోషకాలను మళ్ళీ వేళ్ళకు అందిస్తాయి. పైగా ఆకుల పొర నేలలోని తేమ ఆవిరైపోకుండా కాపాడుతుంది. కాబట్టి చెట్ల కింద నేలను నున్నగా ఊడ్చకండి. దారుల మీద ఊడ్చిన ఆకును ఒక మూల కుప్ప వేయండి. మూడు తట్టల ఎండుటాకుకు ఒక తట్ట పచ్చిగడ్డి కలిపి, నీళ్ళు చల్లి, పదిహేను రోజులకొకసారి తిరగేస్తూ ఉంటే కొన్ని నెలల్లో నల్లని ఎరువు తయారవుతుంది.

కుప్పకు నిప్పు మాత్రం పెట్టకండి. ఆకుల పొగే ఊపిరితిత్తులకు చేటు. అందులో పి.వి.సి. ముక్కలుంటే హైడ్రోజన్ క్లోరైడు, డయాక్సిన్లు అనే విషపదార్థాలు కూడా వెలువడతాయి.

మరి కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్ళినప్పుడు మిగిలే విస్తళ్ళ మాటేమిటి? మోదుగాకు విస్తరిని పుల్లలతో కుట్టేవారు. ఆకూ, పుల్లా రెండూ ప్రధానంగా సెల్యులోజు, లిగ్నిన్ అనే పదార్థాలతో తయారైనవి. చెట్లు వీటిని కోట్ల ఏళ్ళుగా తయారుచేస్తున్నాయి. వాటిని విడగొట్టే ఎంజైములు నేలలోని సూక్ష్మజీవులకు ఉన్నాయి. పాలిథీన్ అలా కాదు. మనిషి దాన్ని విరివిగా వాడడం మొదలుపెట్టి వందేళ్ళు కూడా కాలేదు. దానిలోని కార్బను గొలుసులు చాలా పొడవైనవి. వాటిని తెంచడం మామూలు సూక్ష్మజీవుల వల్ల కాదు. ఈనాటి కాగితపు పళ్ళాలకు, టీ కప్పులకు లోపలివైపు తరచుగా పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందుకే కాగితంలా కనిపించినా అవి మోదుగాకులా కుళ్ళవు. మీ లెక్కలో వీటికి వేరే గడి పెట్టండి.

నీళ్ళు నిలిచిన వస్తువులకు ఇంకొక గడి కావాలి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ కొబ్బరి బొండాం, పాత టైరు, ప్లాస్టిక్ గ్లాసు వంటివాటిలో నిలిచిన నీటి అంచున గుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో గుడ్డు నుంచి దోమ దాకా సుమారు 8 నుంచి 10 రోజులు చాలు. ఆ గుడ్లు నీరు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి నీళ్ళు ఒంపేస్తే సరిపోదు, ఆ వస్తువును అక్కడినుంచి తీసివేయాలి.

వారం తర్వాత అసలు పాఠం

శుభ్రం చేసిన రోజున ప్రతి గడిలో ఎన్ని వస్తువులు దొరికాయో రాశారు గదా! సరిగ్గా ఏడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళి అవే గడుల్లో ఏరి, లెక్కపెట్టండి. మొదటి అంకె నిల్వను చెబుతుంది. రెండవ అంకె వారానికి ఎంత చేరుతోందో చెబుతుంది. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే, ఆ చెత్త ఎన్ని వారాలుగా పోగైందో తెలుస్తుంది.

ఉదాహరణకు, ఇలా వచ్చిందనుకుందాం. వెనక గోడ పక్కనున్న ఇ-5 గడిలో మొదటిరోజు 200 సీసాలు, వారం తర్వాత 4 దొరికాయి. 200ను 4తో భాగిస్తే 50. అంటే దాదాపు ఏడాది పాటు పోగైన చెత్త. గేటు పక్క బెంచీలున్న ఆ-2 గడిలో మొదటిరోజు 84 పొట్లాలు, వారం తర్వాత 42. 84ను 42తో భాగిస్తే 2. అంటే రెండే వారాల చెత్త!

చూసేవారికి గోడ పక్కే ఎక్కువ మురికిగా కనిపించింది. కాని కుళాయి ధారగా పడుతున్నది బెంచీల దగ్గర. ఉన్నది ఒకే చెత్తబుట్ట అయితే దాన్ని ఎక్కడ పెట్టాలో ఇప్పుడు మీరే చెప్పగలరు. లెక్క లేకపోతే దాన్ని గోడ పక్కనే పెట్టి ఉండేవాళ్ళం.

ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. చెత్త ప్రతి వారమూ ఒకే వేగంతో చేరుతుందనీ, చేరినది కదలకుండా అక్కడే ఉంటుందనీ అనుకున్నాం. పండగ వారంలో లెక్క మారుతుంది. తేలికైన పొట్లాలను గాలి ఎగరగొడుతుంది. అందుకే ఒక్క వారంతో ఆపకుండా నాలుగైదు వారాలు లెక్కపెట్టి సగటు తీయండి.

కుళాయి కట్టడం ఎలా?

మీ పట్టికను, పటాన్ని మునిసిపాలిటీ అధికారులకు, కాలనీ సంఘం పెద్దలకు చూపించండి. "పార్కు మురికిగా ఉందండీ" అని చెప్పడం వేరు, "ఈ బెంచీల దగ్గర వారానికి ఇన్ని పొట్లాలు పడుతున్నాయండీ" అని అంకెలతో చెప్పడం వేరు. బజ్జీల బండి ఆయనతో తగువు పెట్టుకోకండి. ఆయన బతుకుతెరువు అది. బండి పక్కన ఒక బుట్ట పెట్టమనీ, ప్లాస్టిక్ పళ్ళేలకు బదులు విస్తరాకు దొన్నెలు వాడమనీ మర్యాదగా అడగండి. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళాలు, చెంచాలు, స్ట్రాల వంటి కొన్ని వస్తువులను మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారన్న సంగతి కూడా చెప్పవచ్చు. రోజూ ఆ పార్కును ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్ని తప్పక సలహా అడగండి. ఏ మూల ఏమి పడుతుందో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

బుట్ట పెట్టాక మళ్ళీ లెక్కపెట్టండి. అంకె తగ్గితే మీ ఊహ సరైనదన్నమాట. తగ్గకపోతే నిరుత్సాహపడకండి. కారణం మరొకటి ఉందని తెలిసింది గదా! దాన్ని వెతకండి. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే.

చేసి చూడండి

పాఠశాల తోటలో జానెడు లోతు గుంటలు అయిదు తీయండి. వాటిలో వరసగా మోదుగాకు, నూలుగుడ్డ ముక్క, కాగితపు టీ కప్పు, పాలిథీన్ సంచి ముక్క, చిప్స్ పొట్లం పాతి గుర్తులు పెట్టండి. రోజు విడిచి రోజు నీళ్ళు చల్లండి. 15, 30, 60 రోజులకు తవ్వి, ఏది ఎంత మారిందో బొమ్మలు గీయండి.

ఆలోచించండి

1. ఒక గడిలో మొదటిరోజు 90 వస్తువులు, వారం తర్వాత 15 దొరికాయి. ఆ చెత్త ఎన్ని వారాలుగా పోగైంది?

2. తేలిక పొట్లాలను గాలి ఎగరగొట్టే చోట, అవి పోగైన కాలం మన లెక్కలో అసలుకన్నా ఎక్కువగా వస్తుందా, తక్కువగా వస్తుందా?

3. మీరు పార్కుకు వెళ్ళినప్పుడు తిన్న పొట్లాన్ని ఎక్కడ వేశారు? అది ఏ గడిలోకి వస్తుంది?