పిల్లలకు వాద్యము కొనుట
చదువవలసిన భాగము: 1 దినవృత్తాంతములు 25:1-8

మిరపకాయల సొమ్ము చేతికి వచ్చు దినములలో పల్నాటి సంఘములవారు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యగారూ, పిల్లవాడు కీబోర్డు కావాలంటున్నాడు, అప్పు చేసైనా కొనమంటారా?" అట్టి తండ్రిని చూచి నవ్వరాదు. కుమారుడు దేవుని మందిరములో వాయించవలెననియే ఆయన కోరిక.

హేమానునకు పదునలుగురు కుమారులును ముగ్గురు కుమార్తెలును ఉండిరి. వారందరు తమ తండ్రి చేతిక్రింద పాడుచు వాయించుచు నుండిరి. అట్లు నేర్పుగలవారి లెక్క 288. వాద్యముల వెల అక్కడ వ్రాయబడలేదు; తండ్రి చేయి వ్రాయబడినది. కుమార్తెలును వ్రాయబడిరి, గమనించుడి.

మన కీర్తనలలో అనేకములు, పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) వ్రాసినవి మొదలుకొని, కర్ణాటక రాగతాళములలో కట్టబడినవి. వాటికి చేతితో తాళము వేయుట ముందు రావలెను. కీబోర్డులోనైతే మీట నొక్కగానే తాళము దానంతట అదే మ్రోగును. పిల్లవాడు మీట నేర్చును గాని తాళము నేర్వడు. గమకము సంగతి చెప్పనే అక్కరలేదు. అది సరిగా పలుకదనియే ఆకాశవాణివారు 1940లో హార్మోనియమును సహితము నిషేధించి, 1971 వరకు దూరముంచిరి.

కాబట్టి మేమిచ్చు ఉత్తరమిది: గుడిలోని హార్మోనియముమీద ఒక సంవత్సరము నేర్వనియ్యుడి. అది లేని పల్లెలో కంజిర చాలును. తండ్రియో తల్లియో ప్రక్కను కూర్చుండి పాడవలెను. అప్పటికిని ఆసక్తి నిలిచినయెడల, లూకా 14:28లో ప్రభువు చెప్పినట్లు కూర్చుండి లెక్క చూచుకొనుడి. ఎరువుల కొట్టు బాకీయు బడి ఫీజులును తీరిన పిమ్మట మిగిలిన సొమ్ముతో కొనుడి. చెల్లెలు అడిగినను ఇదే ఉత్తరము.