తెల్లని ఊళ్లు – చెరగని మాటలు



ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు మేము ఈ హాస్టల్‌లోనే ఉన్నాం. ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని నాన్న వెంట ఈ గేటు దాటిన రోజు ఇంకా గుర్తుంది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాళ్లలో మేమే మొదటివాళ్లం. ఇప్పుడు చరిత్రలో ఎం.ఏ. చదువుతున్నాం. సంచికకు ఏదైనా పనికివచ్చే పాఠం రాయమని అడిగితే, సెమినారు కోసం మేము తయారుచేసుకున్న అంశాన్నే సులభంగా రాసి పంపుతున్నాం.

ముందే ఒక మాట చెప్పాలి. మేము స్పెయిన్ వెళ్లలేదు. లైబ్రరీలో అట్లాసు ముందు పెట్టుకుని, పుస్తకాలు తిరగేసి చేసిన యాత్ర ఇది. ఈ అంశం ఎంచుకున్నప్పుడు తోటి విద్యార్థి ఒకరు "పాస్‌పోర్టు కూడా లేదు, స్పెయిన్ ఊళ్లతో నీకేం పని?" అని నవ్వారు. అప్పుడు జవాబు తోచలేదు. వ్యాసం చివర చెబుతాం.

ఈ ఊళ్లు ఎక్కడ ఉన్నాయి?

ఐరోపా పటంలో నైరుతి మూలన స్పెయిన్ ఉంది. దాని దక్షిణ భాగాన్ని ఆండలూసియా అంటారు. అక్కడి నుండి ఆఫ్రికా ఖండం చాలా దగ్గర. మధ్యలో ఉన్న జిబ్రాల్టర్ జలసంధి ఇరుకైన చోట సుమారు 14 కిలోమీటర్లే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతా చరిత్ర సులభంగా అర్థమవుతుంది.

ఆండలూసియా కొండల మీద గోడలన్నీ తెల్లగా ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. స్పానిష్ భాషలో వీటిని 'ప్వేబ్లోస్ బ్లాంకోస్' అంటారు. అంటే తెల్లని ఊళ్లు. వీటిలో రెండు గుంపులు ప్రసిద్ధం. మొదటిది కాదిజ్, మలగా జిల్లాల కొండల్లోది. ఆర్కోస్ డి లా ఫ్రొంతేరా, గ్రసలేమా, సెతెనీల్, రోందా ఇందులోవి. సెతెనీల్‌లో కొన్ని వీధుల్లో కొండ చరియే ఇళ్లకు పైకప్పు. రోందాలో లోతైన లోయ మీద 1793లో పూర్తయిన రాతి వంతెన ఉంది.

రెండవది గ్రనడా నగరానికి దక్షిణంగా, సియెర్రా నెవాడా పర్వతాల వాలులో ఉన్న అల్పుహార్రా ప్రాంతం. పొకేయిరా అనే లోయ పక్కన పాంపనేయిరా, బుబియోన్, కపిలేయిరా అనే మూడు ఊళ్లు మెట్ల మాదిరిగా ఒకదాని పైన ఒకటి ఉంటాయి. అన్నిటికన్నా కింద ఉన్న పాంపనేయిరాయే సముద్ర మట్టానికి సుమారు 1,060 మీటర్ల ఎత్తున ఉంది. పైనున్న కపిలేయిరా 1,400 మీటర్లు దాటుతుంది.

మూర్లు ఎవరు?

సామాన్య శకం 711లో తారిఖ్ అనే సేనాని ఉత్తర ఆఫ్రికా నుండి జలసంధి దాటి వచ్చాడు. అతడు దిగిన కొండకు అరబ్బీలో 'జబల్ తారిఖ్' అని పేరు వచ్చింది. అంటే తారిఖ్ కొండ. ఆ మాటే తర్వాత జిబ్రాల్టర్ అయింది. ఈ ముస్లింలను ఐరోపా వాళ్లు మూర్లు అన్నారు. మూర్లు ఒకే జాతి కాదు. వారిలో అరబ్బులు, ఉత్తర ఆఫ్రికాకు చెందిన బెర్బెర్లు, మతం మారిన స్థానికులు అందరూ ఉన్నారు.

కాలక్రమంలో ఉత్తరాది క్రైస్తవ రాజ్యాలు బలపడ్డాయి. పదమూడవ శతాబ్దం మధ్యకల్లా మూర్ల చేతిలో గ్రనడా రాజ్యం ఒక్కటే మిగిలింది. రెండు రాజ్యాల నడుమ సరిహద్దులో ఉన్న ఊళ్ల పేర్లకు 'డి లా ఫ్రొంతేరా' అనే తోక చేరింది. ఫ్రొంతేరా అంటే సరిహద్దు. చివరకు 1492 జనవరి 2న గ్రనడా లొంగిపోయింది. దాదాపు ఎనిమిది వందల సంవత్సరాల పాలన అక్కడితో ముగిసింది.

ఇళ్లు, వీధులు

ఈ ఊళ్ల వీధులు ఇరుకుగా, మలుపులు తిరుగుతూ ఉంటాయి. ఇరుకు వీధిలో ఎండ తక్కువ పడుతుంది, నీడ ఎక్కువసేపు నిలుస్తుంది. అల్పుహార్రాలో ఇళ్ల కప్పులు బల్లపరుపుగా ఉంటాయి. చెస్ట్‌నట్ చెట్టు దూలాలు వేసి, వాటిపై పలక రాళ్లు పరిచి, ఆ పైన 'లౌనా' అనే బూడిద రంగు మట్టిని మందంగా వేస్తారు. ఈ మట్టి తడిస్తే నీళ్లు దిగనివ్వదు. మన మట్టి మిద్దెలు చూసినవారికి ఈ పద్ధతి తేలికగా అర్థమవుతుంది. కొన్నిచోట్ల వీధి మీదుగా ఒక ఇంటి నుండి ఎదుటి ఇంటికి కప్పు వేస్తారు. దాన్ని 'తినావో' అంటారు. మొరాకోలోని అట్లాస్ పర్వతాల్లో బెర్బెర్లు కట్టే ఇళ్లకు, ఈ ఇళ్లకు దగ్గర పోలిక ఉంది.

తెలుపు వెనుక రసాయన శాస్త్రం

పదవ తరగతి తమ్ముళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాల్చితే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. దానికి నీళ్లు కలిపితే బుసబుస పొంగి తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. గోడకు వెల్ల వేశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని రెండు మూడు రోజుల్లో మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. వెల్ల వేసిన గోడకు ఆ మెరుపు అందుకే వస్తుంది. పరీక్షలో వచ్చే ఈ మూడు సమీకరణాలే ఆ ఊళ్ల గోడల మీద ఉన్నాయి.

తెల్లని గోడ ఎండను వెనక్కి కొట్టి ఇంటిని చల్లగా ఉంచుతుంది. సున్నానికి సూక్ష్మక్రిములను చంపే గుణం ఉంది కాబట్టి అంటువ్యాధుల కాలంలో కూడా వెల్ల వేసేవారు. సెవిల్ జిల్లాలోని మొరోన్ డి లా ఫ్రొంతేరాలో పాత పద్ధతిలో సున్నం కాల్చే విద్యను కాపాడుతున్న కృషిని 2011లో యునెస్కో గుర్తించింది. సున్నం బట్టీ పనిని ప్రపంచం ఒక విద్యగా లెక్కించడం మేము ఇక్కడే మొదటిసారి చదివాం.

ఇక్కడ ఒక పొరపాటు చేయకూడదు. తెలుపంతా మూర్ల కాలంలోనే వచ్చిందని అనుకోరాదు. కొన్ని ఊళ్లలో, ముఖ్యంగా అల్పుహార్రాలో, రాయి, మట్టి రంగులే చాలాకాలం ఉండి, వెల్ల వేయడం తర్వాతి కాలంలో వ్యాపించింది. రంగు మారుతూ ఉంటుందనడానికి ఇంకో ఉదాహరణ హుస్కార్ అనే ఊరు. 2011లో ఒక బొమ్మల సినిమా ప్రచారం కోసం ఆ తెల్లని ఊరికి నీలం రంగు వేశారు. పర్యాటకులు రావడం చూసి ఊరివాళ్లు ఆ నీలాన్నే ఉంచుకున్నారు.

నీటిని విత్తే కాలువలు

మూర్ల నుండి మిగిలిన అసలు సంపద గోడల్లో కన్నా కాలువల్లో ఎక్కువగా కనిపిస్తుంది. సియెర్రా నెవాడాలో శీతకాలం మంచు పడుతుంది, వేసవిలో వాన ఉండదు. వసంతంలో మంచు ఒక్కసారిగా కరిగితే నీళ్లన్నీ సముద్రంలోకి పోతాయి. అందుకని కొండ పైభాగాన వాలుకు అడ్డంగా 'అసేకియా' అనే కాలువలు తవ్వారు. వీటిలో ఒక రకం నీళ్లను నేరుగా పొలానికి తీసుకుపోదు. నేల నీటిని బాగా పీల్చే చోటికి తీసుకుపోయి వదిలేస్తుంది. ఆ నీళ్లు కొండ లోపల మెల్లగా దిగి, వారాలు, నెలల తర్వాత కింద ఊళ్ల దగ్గర ఊటలుగా పైకి వస్తాయి. అప్పటికి ఎండలు ముదిరి పంటకు నీళ్లు కావలసిన సమయం అవుతుంది. దీన్ని అక్కడివాళ్లు 'నీటిని విత్తడం' అంటారు.

ఈ కాలువలను చూసుకునే మనిషిని 'అసేకియేరో' అంటారు. ఎక్కడ గండి పడింది, ఎవరి వంతు ఎప్పుడు, ఏ చోట నీళ్లు వదిలితే ఏ ఊటలో తేలతాయి అన్నది అతనికి తెలియాలి. ఇరవయ్యో శతాబ్దం రెండవ భాగంలో జనం నగరాలకు వలసపోవడంతో చాలా కాలువలు పూడిపోయాయి. 2014 నుండి గ్రనడా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఊరివాళ్లతో, స్వచ్ఛంద సేవకులతో కలిసి వాటిని తిరిగి తవ్విస్తున్నారు.

భాష మీద నిషేధం

ఈ కాలువలు తవ్వినవారికి ఏమైంది? లొంగుబాటు ఒప్పందంలో మతం, ఆస్తి, ఆచారాల జోలికి రామని రాజులు మాట ఇచ్చారు. ఆ మాట పదేళ్లు కూడా నిలవలేదు. 1499లో గ్రనడాలో బలవంతపు మతమార్పిడులు మొదలయ్యాయి, అరబ్బీ పుస్తకాలను తగలబెట్టారు. మతం మారినవారిని 'మొరిస్కోలు' అన్నారు. మారినా అనుమానం పోలేదు.

1567లో రెండవ ఫిలిప్ రాజు ఒక శాసనం అమలుచేశాడు. మూడేళ్లలో అందరూ కాస్తిలియన్ భాష నేర్చుకోవాలి. తర్వాత అరబ్బీ మాట్లాడకూడదు, చదవకూడదు, రాయకూడదు. వాళ్ల దుస్తులు వేసుకోకూడదు. స్నానశాలలు వాడకూడదు. పండుగ రోజుల్లో ఇంటి తలుపులు తెరిచే ఉంచాలి. అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములే అనే వృద్ధుడైన మొరిస్కో అధికారులకు ఒక విన్నపం రాశాడు. దుస్తులకూ మతానికీ సంబంధం లేదని, తూర్పు దేశాల్లో క్రైస్తవులు కూడా అరబ్బీ మాట్లాడతారని, ముసలివాళ్లు కొత్త భాష నేర్వలేరని వాదించాడు. వినలేదు.

1568 డిసెంబరులో అల్పుహార్రా తిరగబడింది. 1571 నాటికి అణచివేత పూర్తయింది. 1570 నుండి సుమారు 80,000 మందిని గ్రనడా ప్రాంతం నుండి వెళ్లగొట్టి ఇతర ప్రాంతాలకు పంపారు. దారిలో చాలామంది చనిపోయారు. ఖాళీ అయిన ఊళ్లకు ఉత్తరాది నుండి కొత్త కుటుంబాలను తెచ్చారు. కొత్తవాళ్లకు కాలువలు, కొండ మళ్లు తెలియవు. పని నేర్పడానికి ఊరికి రెండు మొరిస్కో కుటుంబాలను ఉంచారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరకు 1609 నుండి 1614 మధ్య స్పెయిన్‌లోని మొరిస్కోలందరినీ, దాదాపు మూడు లక్షల మందిని, దేశం నుండే పంపేశారు.

మిగిలిన మాటలు

మనుషులను పంపేసినా వాళ్ల మాటలు మిగిలాయి. స్పానిష్‌లో అరబ్బీ మూలం ఉన్న పదాలు సుమారు నాలుగు వేలని చెబుతారు. వీటిలో కొన్ని మనకు చుట్టాలే.

1. అసేకియా: అరబ్బీ 'సాకియా' నుండి. అర్థం కాలువ.
2. అసూకర్: మన 'శర్కర' పర్షియన్‌లో షకర్, అరబ్బీలో సుక్కర్, స్పానిష్‌లో అసూకర్ అయింది.
3. నరంహ: మన నారింజ. ఇదీ భారతదేశం నుండి అదే దారిలో వెళ్లిన మాట.
4. అల్‌కాల్దె: ఊరి మేయరు. అరబ్బీ 'అల్ ఖాదీ' నుండి. మనం కాజీ అంటాం.
5. ఫులానో: పేరు చెప్పకుండా ఒక మనిషిని అనడానికి. మనం 'ఫలానా' అంటాం. రెండూ ఒకే అరబ్బీ మాట.

అరబ్బీని నిషేధించిన శాసనాన్ని అమలుచేసిన ఊరి అధికారి పేరే అల్‌కాల్దె! అతను రోజూ పలికిన మాటల్లో అరబ్బీ ఉంది.

మా జవాబు

సెమినారులో అసేకియేరో గురించి చెబుతున్నప్పుడు మాస్టారు "మన ఊళ్లలో ఇలాంటి పని చేసేవారిని ఏమంటారు?" అని అడిగారు. మాకు తెలుసు. మా తాతే మా ఊరి చెరువుకు నీరటి. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారించాలో ఆయనకు నోటికి వచ్చు. చదువు లేదు, వేలిముద్రే. అయినా 'నీరటి' అనే మాట పలకడానికి మేము వెనకాడాం. ఆ పని పేరు చెబితే మా కులం, మా వాడ అందరికీ తెలుస్తాయని సిగ్గుపడ్డాం. ఒక్క క్షణమే. తర్వాత చెప్పాం. కానీ ఆ క్షణం మమ్మల్ని చాలా రోజులు బాధపెట్టింది. మా భాషను ఏ రాజూ నిషేధించలేదు. మేమే నోరు మూసుకున్నాం.

ఆ వారం ఇంటికి వెళ్లి నాన్నను తూము భాగాల పేర్లు అడిగాం. ఆయనకు నాలుగైదే తెలుసు. మిగతావి తాతతోనే పోయాయి. స్పెయిన్ ఊళ్లతో మాకేం పని అంటే, ఈ ప్రశ్న ఇంట్లో అడగాలని మాకు నేర్పింది ఆ ఊళ్లే.

తమ్ముళ్లారా, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. రెండు రూళ్ల నోటుబుక్కు ఒకటి తీసుకుని, అమ్మానాన్నలు, అమ్మమ్మ, తాతలు చేసే పనుల పేర్లు, పనిముట్ల పేర్లు, వాటి భాగాల పేర్లు అడిగి రాయండి. ఇంట్లో లంబాడీ, కోయ మాట్లాడేవారు ఆ మాటలనే తెలుగు అక్షరాల్లో రాయండి. వచ్చే వార్షికోత్సవానికి ఆ నోటుబుక్కులు తీసుకురండి. మేమూ మా నోటుబుక్కు తెస్తాం. తూము పేజీలో ఇప్పటికి ఐదు మాటలే ఉన్నాయి.

గుర్తుంచుకోవలసిన సంవత్సరాలు

711 – తారిఖ్ జలసంధి దాటి రావడం
1492 – గ్రనడా లొంగిపోవడం
1567 – అరబ్బీ భాషపై నిషేధం
1568–71 – అల్పుహార్రా తిరుగుబాటు
1609–14 – మొరిస్కోల బహిష్కరణ