గాయకపాత్రలు – ముఖ మొకరిది, కంఠ మొకరిది

నాటకమునందు రాజువేషము ధరించువాడు రాజు కానక్కఱలేదు; వైద్యుని వేషము ధరించువాడు వైద్యశాస్త్రము చదువనక్కఱలేదు. గాయకుని వేషము ధరించువానికి మాత్ర మొక చిక్కు గలదు. ప్రేక్షకులు వాని ముఖమును జూచుటతో దృప్తినొందక వాని పాటను గూడ వినగోరుదురు. ఈ చిక్కును దీర్చుటకు మూడు మార్గములు గలవు. వానిని మన మిచ్చట విచారింతము.

మొదటిది, గాయకులనే నటులుగా నియమించుట. 1965 మొదలు 1968 వఱకు అమెరికాలో టెలివిజనునందు ‘ఐ స్పై’ అను సాహసకథామాల ప్రసారమయ్యెను. ఇద్దఱు గూఢచారులు టెన్నిసు ఆటగాడు, శిక్షకుడు అను మిషతో దేశదేశములు తిరుగుట దానిలోని కథ. 1965లో వచ్చిన ‘ది లూజర్’ అను భాగమున మాదకద్రవ్యమునకు దాసురాలైన యొక గాయని పాత్రను ఎర్తా కిట్ ధరించెను. ఆమె స్వయముగా ప్రసిద్ధ గాయని. అయినను పాట యొక్కటియే చాలదు. ఆ వ్యసనపీడితురాలి దైన్యమును గూడ కనబఱుపవలసి యుండెను. ఆ నటనకై ఆమె పేరు ఎమ్మీ బహుమానమునకు ప్రతిపాదింపబడెను.

రెండవది, నటులే పాట నభ్యసించుట. 1980లో వెలువడిన ‘కోల్ మైనర్స్ డాటర్’ అను చిత్రమున సిస్సీ స్పేసెక్ లొరెట్టా లిన్ అను గాయని పాత్రను ధరించి, పాటలను తానే పాడి, ఆస్కారు బహుమానము నందెను.

మూడవది, ఒకరి ముఖమునకు మఱియొకరి కంఠమును జేర్చుట. పాటను ముందుగా ముద్రించి, చిత్రము తీయునపుడు వినిపింతురు. నటుడు పెదవులను మాత్రమేగాక శ్వాసను గూడ పాటతో సరిపుచ్చవలెను. గాయకుడు ఊపిరి దీసినచోట నటుడు దీయకున్నచో ఆ పాట నమ్మదగినదిగా నుండదు. కావున నిదియు సులభసాధ్యము కాదు.

ఈ మూడవ మార్గముననే న్యాయాన్యాయ విచారణ యొకటి పుట్టుచున్నది. మార్నీ నిక్సన్ అను గాయని 1956లో ‘ది కింగ్ అండ్ ఐ’ యందు డెబొరా కెర్‌కును, 1961లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ యందు నటాలీ వుడ్‌కును, 1964లో ‘మై ఫెయిర్ లేడీ’ యందు పెక్కు పాటలలో ఆడ్రీ హెప్‌బర్న్‌కును తన కంఠమునిచ్చెను. ఆ చిత్రములు వెలువడినపుడు తెరమీద నామె పేరు లేదు. అయినను డెబొరా కెర్ నిజమును దాచక వెల్లడించెను. స్వరకర్త లియొనార్డ్ బెర్న్‌స్టీన్ తన రాబడిలో కొంత భాగము నామెకిచ్చెను. తుదకు 1965లో ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ చిత్రమున సన్యాసినీవేషముతో ఆమె ముఖమును జనులు చూచిరి.

మన తెలుగు చిత్రములయందు నేపథ్యగాయకుల పేర్లు బాహాటముగా ప్రకటింపబడుట మెచ్చదగినది. 1980లో విడుదలయిన ‘శంకరాభరణము’లో శంకరశాస్త్రి పాత్రను జె. వి. సోమయాజులుగారు ధరింపగా పాటలను ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు పాడిరి. ఆ గానమునకు జాతీయ బహుమానము లభించెను. అందువలన సోమయాజులుగారి కీర్తికి కొఱత యేమియు గలుగలేదు.

విద్యార్థులారా, ఇతరుల భాగమును ఒప్పుకొనుటవలన మన గౌరవము తఱుగదు. పాఠశాల వార్షికోత్సవమున తెరవెనుక హార్మోనియము వాయించువాడును, మఱచిన మాటను మెల్లగా నందించువాడును గలరు. మఱుగున జరుగు సేవను దేవు డెఱుగును. ఐనను కార్యక్రమపత్రమున వారి పేర్లు ముద్రించుట మన విధి.