ఆపరేషన్‌కు ముందు వీడ్కోలు విందులెందుకు?

బరువు తగ్గించే శస్త్రచికిత్సకు వెళ్ళేవారు, వారి కుటుంబసభ్యులు తెలుసుకోవలసిన ఆహారనియమాలు

మొన్నటి చలికాలంలో మా దవాఖానాకు ఒక సోదరి వచ్చారు. వయసు నలభై దాటింది. బరువు 98 కిలోలు, ఎత్తు 157 సెంటీమీటర్లు. పదేళ్ళుగా షుగర్ ఉంది. మోకాళ్ళ నొప్పుల వల్ల కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నారు. హైదరాబాదులో బరువు తగ్గించే ఆపరేషన్‌కు తేదీ ఖాయమైంది. ఇంకా మూడు వారాలుంది.

"హకీం సాబ్, ఆపరేషన్ అంటే నాకు భయం లేదు. ఆ తర్వాత జీవితాంతం ఏమీ తినలేనేమో అన్నదే నా బెంగ. మా అత్తమ్మ, ఆడపడుచులు, ఖాలా వాళ్ళు, రోజూ ఎవరో ఒకరు దావత్ చేస్తున్నారు. మళ్ళీ తినలేవు, ఇప్పుడే తినెయ్ అంటున్నారు" అని చెప్పారు.

లెక్క వేస్తే పది రోజుల్లో ఏడు దావతులు తేలాయి. ఆసుపత్రివారు రాసిచ్చిన ఆహారపు చీటీ పర్సులో మడతపెట్టినట్టే ఉంది. దాని పక్కన ఒక పొట్లం కూడా ఉంది. అది మా దవాఖానాలో కొన్నదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇలాంటి ప్రేమ మన బీదర్ ఇళ్ళలో కొత్తకాదు. హజ్‌కు వెళ్ళేవారికి, గల్ఫ్‌కు వెళ్ళేవారికి విందులు చేసినట్టే ఆపరేషన్‌కు వెళ్ళేవారికీ చేస్తాం. అయితే ఈ ఒక్క ఆపరేషన్ విషయంలో ఆ విందు నేరుగా రోగికి హాని చేస్తుంది. ఎలాగో చూద్దాం.

ఏమిటీ ఆపరేషన్?

మొదట ఒక అపోహ తొలగాలి. తెలుగు సినీనటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో మరణించినప్పుడు, అంతకు కొద్ది వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకున్నారని పత్రికలు రాశాయి. బరువు ఆపరేషన్ అనగానే చాలామందికి ఆ వార్తే గుర్తుకొస్తుంది. కాని చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగే లైపోసక్షన్ వేరు, ఇప్పుడు మనం చెప్పుకుంటున్న బేరియాట్రిక్ శస్త్రచికిత్స వేరు. ఇందులో రెండు పద్ధతులు ఎక్కువగా చేస్తున్నారు. స్లీవ్ పద్ధతిలో జీర్ణకోశాన్ని నిలువునా కోసి నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నని సంచి మిగులుతుంది. బైపాస్ పద్ధతిలో పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని చేసి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు.

ఎవరికి చేస్తారన్నదానికి ఒక లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని దానిని దానితోనే గుణించి, వచ్చిన సంఖ్యతో బరువును భాగించాలి. పై సోదరికి అది దాదాపు 40 వచ్చింది. 1991 నాటి అమెరికా ప్రమాణాల్లో 40 దాటినవారికి, లేదా 35 దాటి షుగర్, రక్తపోటు వంటి జబ్బులున్నవారికి మాత్రమే అనేవారు. 2022లో వైద్యసంఘాలు ఆ ప్రమాణాలను సవరించాయి. ఇప్పుడు 35 దాటితే ఇతర జబ్బులు లేకపోయినా, 30 దాటి షుగర్ ఉన్నా ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. మన ఆసియావాసులకు ఇంకా తక్కువ, 27.5 నుంచే. అంతమాత్రాన అంత బరువున్న ప్రతివారూ చేయించుకోవాలని కాదు.

యునానీ వైద్యుడు దీనిని ఎలా ఒప్పుకుంటాడని కొందరు అడుగుతారు. యునానీలో స్థూలకాయాన్ని సిమన్-ఎ-ముఫ్రిత్ అంటారు. చికిత్సలు నాలుగు విధాలు: ఆహారంతో, మందుతో, మర్దన, హిజామా వంటి తద్బీర్‌తో, చివరిగా చేతితో. ఇలాజ్ బిల్ యద్ అంటే శస్త్రచికిత్సే. పదో శతాబ్దంలో కార్డోబాలో వైద్యం చేసిన అల్ జహ్రావీ తన ముప్పై భాగాల గ్రంథంలో చివరి భాగాన్ని శస్త్రచికిత్సకే కేటాయించారు. కనుక కత్తికి మనం విరోధులం కాము. కొద్దిపాటి బరువుకు ఆహారం, నడక, మందు చాలు. పదేళ్ళ షుగర్‌తో 40కి చేరినవారిని, చూర్ణంతో తగ్గిస్తాను, ఆపరేషన్ వద్దు అని ఆపడం నా మనస్సాక్షికి సరిపడదు.

కాలేయం చెప్పే మాట

యునానీలో కాలేయం, అంటే జిగర్, ప్రధాన అవయవాలలో ఒకటి. ఈ ఆపరేషన్‌లోనూ దానిదే పెద్ద పాత్ర. కాలేయం ఎడమభాగం జీర్ణకోశం మీద కప్పినట్టుగా ఉంటుంది. సర్జన్ దానిని పైకి ఎత్తిపట్టుకుని కింద పని చేయాలి. స్థూలకాయుల్లో చాలామందికి కాలేయంలో కొవ్వు పేరుకుని, అది ఉబ్బి, మెత్తబడి ఉంటుంది. ఎత్తితే చిట్లి రక్తం కారవచ్చు. కొన్నిసార్లు చిన్న రంధ్రాలతో మొదలుపెట్టిన ఆపరేషన్‌ను పొట్ట కోసి చేయవలసి రావచ్చు, లేదా ఆపేయవలసి రావచ్చు.

అందుకే ఆపరేషన్‌కు ముందు రెండు నుంచి నాలుగు వారాలు రోజుకు 800 నుంచి 1200 కేలరీల ఆహారమే ఇస్తారు. అన్నం, రొట్టె, తీపి తగ్గించి మాంసకృత్తులు ఎక్కువగా ఉంచుతారు. ఆ కొద్ది రోజుల్లోనే కాలేయంలోని కొవ్వు కరిగి, దాని పరిమాణం తగ్గుతుంది. దావత్‌లో ఒక పూట బిర్యానీ, మిర్చీ కా సాలన్, డబుల్ కా మీఠా తింటే రోజు మొత్తానికి చెప్పిన లెక్క ఆ ఒక్క పూటలోనే దాటిపోతుంది. ఏడు దావతులు తిన్న కాలేయం ఏ స్థితిలో ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

2017 ఫిబ్రవరిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి ముంబైలోని సైఫీ ఆసుపత్రికి విమానంలో తెచ్చిన ఎమాన్ అహ్మద్ అనే సోదరి గుర్తుండే ఉంటారు. ఆమె బరువు దాదాపు 500 కిలోలని అప్పట్లో చెప్పారు. అంతటి అత్యవసరంలో కూడా వెంటనే కత్తి పట్టలేదు. మొదట వారాలపాటు ద్రవాహారంతో బరువు దించి, మార్చిలో స్లీవ్ ఆపరేషన్ చేశారు. తర్వాత ఆమెను అబూధాబీకి తరలించారు. అదే ఏడు సెప్టెంబరు 25న అక్కడే మరణించారు. చాలా ఏళ్ళుగా మంచం పట్టిన మనిషి ఆమె, అనేక జబ్బులుండేవి. ఆమె గతే అందరికీ పడుతుందని భయపడనవసరం లేదు.

ఈ మూడు వారాలు ఏం తినాలి?

ఆసుపత్రిలోని డైటీషియన్ రాసిచ్చిన చీటీయే ప్రమాణం. మన వంటింట్లో దానిని ఎలా అమలుచేయాలన్నదే నేను చెప్పగలను. మాంసకృత్తులు రోజుకు కనీసం 60 గ్రాములు అందాలని సాధారణంగా చెబుతారు. ఒక గుడ్డులో 6 గ్రాములు, తోలు తీసి వండిన వంద గ్రాముల కోడిమాంసంలో సుమారు 25 గ్రాములు ఉంటాయి. మిగతాది పప్పు, పెరుగు, చేపల నుంచి వస్తుంది. సొరకాయ, బీరకాయ, పాలకూర, మెంతికూర నూనె తగ్గించి వండుకోవచ్చు. అన్నానికి బదులు చీటీలో అనుమతి ఉంటే సగం జొన్నరొట్టె. జొన్నరొట్టె కదా, ఎంత తిన్నా బరువు పెరగదనే మాట మాత్రం నిజం కాదు. చక్కెర చాయ్, షర్బత్, పండ్లరసం, ఉస్మానియా బిస్కెట్ ఆపాలి. చాలామంది తిండి మానేసి జ్యూస్ తాగుతుంటారు. గ్లాసు రసంలో రెండు మూడు పండ్ల చక్కెర ఉంటుందని మరచిపోతారు.

యఖ్నీ గురించి ఒక మాట. ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో కొవ్వు తేర్చి వడగట్టిన పలుచని యఖ్నీ మంచిదే. మన హకీములు తరతరాలుగా కోలుకునేవారికి ఇచ్చిన ఆహారమది. కాని మాంసం బలమంతా రసంలోకి దిగిందనుకోవడం పొరపాటు. మాంసకృత్తులు ఎక్కువగా ముక్కలోనే ఉండిపోతాయి. అందువల్ల యఖ్నీ తాగుతున్నాం కదా అని డాక్టరు రాసిన ప్రొటీన్ పొడి మానకూడదు.

షుగర్ రోగులు మరింత జాగ్రత్తగా ఉండాలి. తిండి సగానికి తగ్గించి, గ్లిమెపిరైడ్ మాత్ర, ఇన్సులిన్ పాత మోతాదులోనే కొనసాగిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాని గుర్తులు. ఆహారం మార్చే రోజే డాక్టరును అడిగి మోతాదు మార్పించుకోవాలి. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలను శస్త్రచికిత్సకు కనీసం మూడు రోజుల ముందే ఆపిస్తారు. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతుంటే ఆ సంగతి మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. వాటివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది.

అలవాట్లు మార్చుకునే సమయం

మన వైద్యంలో ఆరోగ్యానికి ఆరు అవసరాలు చెబుతారు. వాటిలో తిండి, నీరు ఒకటి. మనసు కదలిక, ప్రశాంతత మరొకటి. రెండూ కలిసే చోటే చాలామంది బరువు పెరుగుతారు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి తినేవారున్నారు. కోపమొస్తే తీపి తినేవారున్నారు. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. కాని ఆపరేషన్ జీర్ణకోశాన్ని చిన్నది చేస్తుందే గాని ఈ అలవాటును కోసి తీయలేదు. ఆసుపత్రిలో మానసిక నిపుణులు అడిగినప్పుడు అత్తగారు పక్కనున్నారని దాచకండి. ఆమెను కాసేపు బయట కూర్చోమనండి.

పొట్టను మూడు భాగాలుగా తలచుకోమన్న హదీసు మనందరికీ తెలుసు. మితంగా తినమన్న ఆ బోధ వీరికి ఎంతో సరిపోతుంది. ఐతే ఆపరేషన్ అయినవారు తిండి, నీరు ఒకేసారి తీసుకోకూడదు. తిన్న అరగంట తర్వాతే నీళ్ళు, అదీ గుక్క గుక్కగా. ఈ పద్ధతిని ముందునుంచే సాధన చేయాలి. ముద్దను ఇరవై, ముప్పై సార్లు నమలాలి. చిన్న పళ్ళెంలో వడ్డించుకున్నది పూర్తిచేయడానికి ఇరవై నిమిషాలైనా పట్టాలి. ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని తినడంలో బర్కత్ ఉంది, ప్రేమ ఉంది. కాని ఎవరెంత తిన్నారో తెలియదు. రోగి వాటాను విడిగా చిన్న పళ్ళెంలో పెట్టి అదే దస్తర్‌ఖాన్ మీద ఉంచండి. విడిగా వేరే గదిలో మాత్రం కూర్చోబెట్టకండి.

సిగరెట్, బీడీ, గుట్కా, పాన్‌లో జర్దా కనీసం ఆరు వారాల ముందే మానాలి. పెద్దవయసు స్త్రీలు పళ్ళు తోముకునే గుల్ కూడా పొగాకే. గాయం మానడానికి, కుట్లు అతుక్కోవడానికి నికోటిన్ అడ్డు.

పొట్లం సంగతి

ఆ సోదరి పర్సులోనిది సఫూఫ్ ముహజ్జిల్. శుద్ధిచేసిన లక్క, వాము, షాజీరా వంటివి కలిసిన చూర్ణం, బరువు తగ్గడానికి మనవారు ఎంతోకాలంగా వాడుతున్నదే. ఆమె కుర్రవాణ్ణి పంపి తెప్పించుకున్నారు. ఎందుకు, ఇంకేమైనా చికిత్స జరుగుతోందా అని మేం అడగలేదు. తప్పు మాదే. ఆమె కూడా సర్జన్‌కు చెప్పలేదు. "దేశీ మందే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను" అన్నారు.

మూలికలతో చేసిన మందులను ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఆపాలన్నది మత్తువైద్యులు సాధారణంగా చెప్పే నియమం. కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. కొన్ని షుగర్‌ను దించుతాయి. వెల్లుల్లి మాత్రలు, కలౌంజీ నూనె, కుష్తాలు, పేరులేని బరువు పొడులు, ఏవి వాడుతున్నా కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వాలి. మాజూన్, జవారిష్, ఖమీరాలు చక్కెర లేదా తేనె పాకంలో చేసేవని కూడా గుర్తుంచుకోండి. కడుపు శుభ్రమవుతుందని ఈ రోజుల్లో ముస్హిల్, అంటే విరేచనపు మందు తీసుకోవద్దు. ఒంట్లో నీరు, లవణాలు పోయి బలహీనులవుతారు. రక్తం తీసే హిజామా ఆపరేషన్ ముందు వారాల్లో నేను చేయను.

తర్వాత తినగలరా?

తినగలరు. మొదట ద్రవాలు, తర్వాత మెత్తగా రుబ్బినది, ఆ పైన మెత్తని ఆహారం. ఒకటిన్నర, రెండు నెలలకు చాలామంది ఇంటి భోజనానికి వస్తారు, కొద్ది పరిమాణంలో. బిర్యానీ రెండు మూడు చెంచాలు. బైపాస్ అయినవారు తీపి ఎక్కువ తింటే గుండెదడ, చెమట, విరేచనాలు పట్టుకుంటాయి. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి. జెలటిన్ గొట్టాల గురించి సందేహముంటే మాత్ర రూపంలో రాయమని అడగండి, దొరుకుతాయి.

రమజాన్, బక్రీద్ చూసుకుని తేదీ తీసుకోండి. ఇంట్లో ఖుర్బానీ మాంసం ఉండగా 800 కేలరీల చీటీ పాటించడం కష్టం. మొదటి ఏడాది ఉపవాసాలకు సర్జన్లు చాలావరకు ఒప్పుకోరు. పగలంతా నీళ్ళు లేకుండా ఉండి, ఇఫ్తార్‌కు ఒకేసారి తాగలేని సంచి అది. రోగికి ధర్మంలో ఉన్న సడలింపు తెలిసిందే. ఖజా, ఫిద్యా వివరాలు మీ మసీదు ఆలిమ్‌ను అడగండి.

ఆ సోదరి మరుసటి రోజే హైదరాబాదుకు ఫోన్ చేసి పొట్లం సంగతి, దావతుల సంగతి రెండూ చెప్పారు. సర్జన్ తేదీని రెండు వారాలు వెనక్కి జరిపారు. అత్తగారికి కోపమొచ్చింది, హకీం పని చెడగొట్టాడని. నేను ఆమెను పిలిపించి కాలేయం బొమ్మ గీసి చూపించాను. ఆపరేషన్‌కు బయలుదేరిన రోజున దారిలో జహీరాబాద్ దగ్గర బండి ఆపి అందరూ నహారీ తిందామని ఆడపడుచు అంటే, ఆపనివ్వనిది ఆ అత్తగారేనట. ఇప్పుడు ఇంట్లో దావత్ ఉన్న రోజున కోడలి చిన్న పళ్ళెం ముందే వడ్డించి పక్కన పెడుతున్నదీ ఆమే.