బర్మింగ్‌హామ్‌లో ఉన్న స్వాతికి

హనుమకొండ

చిరంజీవి స్వాతికి,



ఎమ్మెస్సీ చదువుతూ గోదాములో పార్సెళ్ళ మీద చిరునామాలు సరిచూసే పనికి పోతున్నానని, ఇంట్లో చెప్పొద్దని రాశావు. నేను చెప్పను. నువ్వే చెప్పాలి.

అచ్చం ఇదే పని మీద, 1945 ఫిబ్రవరిలో, అమెరికా సైన్యంలోని నల్లజాతి ఆడవాళ్ళు మీ ఊళ్ళోనే దిగారు. 6888వ తపాలా బెటాలియన్, 855 మంది. మేజర్ చారిటీ ఆడమ్స్‌ వాళ్ళ అధికారిణి. వయసు 26, అంతకుముందు బళ్ళో లెక్కలు చెప్పిన పంతులమ్మ. ఐరోపాలోని సైనికులకు ఇళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలు, పార్సెళ్ళు గుట్టలు పడి ఉన్నాయి, కోటీ డెబ్భై లక్షలంటారు. కేకులు కుళ్ళి ఎలుకలు చేరాయి. చలికి వేడి చేసుకునే ఏర్పాటు లేదు, బాంబుల భయంతో కిటికీలకు నల్లరంగు. కొన్ని కవర్ల మీద ‘జూనియర్, అమెరికా సైన్యం’ అని తప్ప ఇంకేమీ లేదు. రాబర్ట్ స్మిత్‌లే వేలమంది! డెబ్భై లక్షల కార్డులు పెట్టుకుని, సైనిక సంఖ్యలు చూసి పోల్చుకున్నారు. మూడు షిఫ్టులు, షిఫ్టుకు సుమారు 65 వేలు. ఆరు నెలల గడువిస్తే మూడు నెలల్లో తేల్చేశారు. చనిపోయినవాళ్ళ పేరున వచ్చినవి విడిగా తీసి వెనక్కి పంపడమూ వాళ్ళ పనే. అది చేసే చేతులు ఎంత గట్టివై ఉండాలో చూడు.

తనిఖీకొచ్చిన జనరల్ ఒకడు, నీకు చేతకాదు, తెల్లవాణ్ణి పంపిస్తానంటే, నేను చచ్చాకే సార్ అందట చారిటీ. ఆ మనిషంటే నాకు అందుకే ఇష్టం.

1946లో ఇంటికెళితే ఊరేగింపూ లేదు, సన్మానమూ లేదు. దళాన్ని రద్దు చేశారు. 1949లో చారిటీ పెళ్ళి చేసుకుని, భర్త డాక్టరీ చదువు కోసం జ్యూరిక్ వెళ్ళింది. అక్కడ జర్మన్ నేర్చుకుంది, మనస్తత్వశాస్త్రం చదివింది. తర్వాత ఒహాయోలోని డేటన్‌లో కాపురం, ఇద్దరు పిల్లలు, ఊరి సంస్థల్లో పెత్తనం. సైన్యం కథను పుస్తకంగా తెచ్చేసరికి 1989. 2002లో పోయింది. దళానికి బంగారు పతకం ఇవ్వాలని వాళ్ళ పార్లమెంటు నిర్ణయించింది 2022లో!

మన దేశంలోనూ 1942లో మహిళా సహాయక దళమని పెట్టి, టైపుకూ టెలిఫోన్లకూ వేలమంది ఆడవాళ్ళను తీసుకున్నారు. వాళ్ళను మన ఇళ్ళలో ఎవరు తలుచుకుంటున్నారు? కాపురం వాళ్ళ పనిని మింగలేదు తల్లీ, నోరు మూసుకోవడం మింగింది.

రేపో మాపో నీకూ సంబంధాలు వస్తాయి. బయోడేటాలో ఈ గోదాము పని రాయి. అది చూసి మొహం మాడ్చుకునే ఇల్లు మనకొద్దు. పెళ్ళయి దేశం మారినా చదువు మాత్రం ఆపకు.

వాళ్ళు బసచేసిన కింగ్ ఎడ్వర్డ్స్ స్కూలు ఎడ్జ్‌బాస్టన్‌లో ఉంది, నీలం ఫలకం పెట్టారు. ఒక ఆదివారం చూసిరా. దానికంటే ముందు మీ అమ్మకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ