విశ్వవిద్యాలయమునకును మన బడికిని నడుమ

విశ్వవిద్యాలయము పెద్ద చదువుల వారిదిగదా, హైస్కూలు పిల్లలకు దానితో నేమి పనియని కొందరు తలిదండ్రు లడుగుచుందురు. పని కలదనియే మా యభిప్రాయము.

మన నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. ఆనాడు ఈ ప్రాంతమునకు విశ్వవిద్యాలయ మనిన 1918లో వెలసిన ఉస్మానియాయే. నిజాము కాలమున అచ్చటి బోధన ఉర్దూలో జరిగెడిది. తెలుగు బాలుడైనను, మరాఠీ బాలుడైనను ఇంటిభాషను గడప కీవల విడిచి లోనికి పోవలసినదే. 1958లో ఔరంగాబాదున మరాఠ్వాడా విశ్వవిద్యాలయము వచ్చినది. 1994 సెప్టెంబరు 17న మన నాందేడులోనే స్వామి రామానందతీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయ మేర్పడినది. స్వామీజీ హైదరాబాదు విమోచన పోరాటమునకు నాయకుడని అందరెరుగుదురు. అంతకుముందు హిప్పర్గా, అంబాజోగాయి బడులలో పాఠములు చెప్పినవాడని ఎరిగినవారు తక్కువ. బడిపంతులు పేరు విశ్వవిద్యాలయమునకు పెట్టుట మాకు మిక్కిలి సంతోషము. మేమును బడిపంతులమే కదా!

పెద్ద చదువుల వారు బడికి వచ్చుటకు దారులు లేకపోలేదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 1969లో, 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమైన జాతీయ సేవా పథకము ఒకటి. అందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. అంతకంటె మనకు దగ్గరిది బి.ఎడ్. శిక్షణ. 2014 నాటి నిబంధనల ననుసరించి రెండేండ్ల శిక్షణలో 20 వారములు బడిలోనే గడపవలెను. సంతకములు చేయించుకొని, ఫోటో దీయించుకొని పోయినచో ఆ వారములు వ్యర్థమే.

మరాఠీ శిక్షణార్థి మన తరగతిలో నిలిచి “అపూర్ణాంక్” అనినచో పిల్లలు ఒకరి మొగ మొకరు చూచుకొందురు. అది మన భిన్నమే! మనము “భిన్న”మనినచో ఆయనకు “వేరైనది” యని తోచును. మన క.సా.గు. వారికి ల.సా.వి.; మన గ.సా.భా. వారికి మ.సా.వి. వర్గమూలము దగ్గర మాత్రము చిక్కులేదు, వారిదియు వర్గమూళే.

ఇది నవ్వి విడువదగిన సంగతి కాదు. పదవ తరగతి వరకు తెలుగున లెక్కలు చక్కగా చేసిన బాలుడు కళాశాలలో తడబడగానే “వీనికి లెక్కలు రావు” అందురు. లెక్క వచ్చును, దాని పేరే తెలియదు. అయినను ఆ మాట నమ్మి చదువు విడుచు పిల్లలు గలరు.

కావున శిక్షణార్థులును మన పిల్లలును కలిసి పారిభాషిక పదముల పుస్తక మొకటి వ్రాయవలెనని మా సూచన. లాభము మనకు మాత్రమే కాదు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ తాలూకాలలో తెలుగు మాటాడు పిల్లలు గల మరాఠీ బడులకు రేపు ఆ శిక్షణార్థులే ఉపాధ్యాయులై పోవచ్చును. అప్పుడు ఆ పుస్తకము వారి చేతనుండును.

తొమ్మిదవ తరగతి విద్యార్థులారా! గణిత పుస్తకమునుండి ఇరువది మాటలు వ్రాసి తెండు. ఎడమ తెలుగు, కుడివైపున ఇంగ్లీషు. నడుమ మరాఠీ గడి ఖాళీగా నుండనిండు. శిక్షణార్థులు వచ్చినపుడు అడిగి నింపుదము. మరాఠీ చదివిన తండ్రులుగాని తల్లులుగాని ఉన్నచో ఇంటనే నింపించి తేవచ్చును.